మీరాలం చెఱువు, దాని వనము: హైదరాబాదు పాతనగర చరిత్రలో నీటికిని చెట్టునకును గల సంబంధము

హైదరాబాదు పాతనగరమునకు నైరుతి దిక్కున, బహదూర్‌పురాకు సమీపమున, మీరాలం చెఱువు నానుకొని సుమారు 380 ఎకరముల వృక్షావరణము కలదు. లోకవ్యవహారమున దానిని 'జూ పార్కు' అందురు. 1959లో స్థాపింపబడి, 1963 అక్టోబరు 6వ తేదీన ప్రజల సందర్శనమునకు తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఇదియే. సెలవు దినములలో పిల్లలతో వచ్చిన కుటుంబములు పులిని, ఏనుగును చూచి, చెట్ల నీడను భోజనము చేసి, సాయంకాలమునకు తిరిగిపోవుదురు. చెంతనున్న చెఱువు కట్టను గూర్చి విచారించువారు మాత్రము మిక్కిలి తక్కువ. చరిత్ర చదువువారికి ఆ కట్టయే మొదట చూడదగినది. దాని చరిత్ర తెలియనిచో ఆ వనము చరిత్రయు సగమే తెలియును.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయము ఒక్కటి. దక్కను పీఠభూమిపై, ముఖ్యముగా తెలుగుదేశమున, వనమును తటాకమును ఒకే ధర్మమునకు రెండు భాగములుగా మన పూర్వులు భావించిరి. నగరము పెరిగినప్పుడు ఆ రెండింటి పొత్తు ఎచ్చట నిలిచెనో, ఎచ్చట అవి పదుగురి సొత్తుగా ఉండెనో, అచ్చట చెట్టు నిలిచెను. పొత్తు చెడిన చోట వనము పోయి పేరు మాత్రమే మిగిలెను. పాతనగరపు స్థలనామములు, కుతుబ్‌షాహీల కాలపు యాత్రికుల వ్రాతలు, మీరాలం చెఱువు నిర్మాణము, 1908 నాటి మూసీ వరద, ఈ నాలుగింటిని ఇందులకు సాక్ష్యములుగా గ్రహించుచున్నాను.

మొదట స్థలనామములను పరిశీలింతము. స్థలనామములు శాసనములవలె సాక్ష్యము నిచ్చును. శాసనములవలెనే వానిని జాగ్రత్తగా చదువవలసి యుండును. మూసీకి ఇరుప్రక్కల 'బాగ్' అను పదము గల పేర్లు అనేకములు వినబడును. బషీర్‌బాగ్ అనునది పాయెగా ప్రభువగు బషీరుద్దౌలా అస్మాన్ జా పేర వెలసినది. మూసారాంబాగ్ అను పేరు 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాన్ పేరు జనుల నోట మారగా ఏర్పడినదని ప్రసిద్ధి. జాంబాగ్ అనునది పండును బట్టి వచ్చిన పేరు. దక్కనీలో 'జాం' అనగా జామ. బాగ్‌లింగంపల్లి, బాగ్‌అంబర్‌పేట అను పేర్లు మఱియొక తెగకు చెందినవి. వీనిలో 'పల్లి', 'పేట' అను తెలుగు ఊరిపేర్లకు ముందు 'బాగ్' చేరినది. పూర్వమే ఉన్న గ్రామపు భూమిలో కొంత తోటగా మారినదని ఇవి సూచించుచున్నవి. నేడు ఈ చోట్లలో పలుచోట్ల తోట లేదు. వీధులు, మేడలు ఉన్నవి.

వీనికంటె విశేషమైన పేరు ఇమ్లీబన్. 'ఇమ్లీ' అనగా చింత. 'బన్' అనునది సంస్కృత 'వన' శబ్దమునకు దేశభాషారూపము. చింతవనము అని అర్థము. పారసీకమగు 'బాగ్'నకును, దేశ్యమగు 'బన్'నకును గల భేదము తెలుగున 'తోట', 'తోపు' అను పదములకు గల భేదము వంటిదే. తోటకు కంచె కావలెను, బావి కావలెను, తోటమాలి కావలెను. తోపునకు ఒకసారి నాటి నాలుగేండ్లు కాచిన తరువాత నేలలోని చెమ్మయే చాలును. తోటకు యజమానుడు ఉండును. తోపు క్రింద బాటసారి, బండివాడు, పశువులకాపరి ఎవరైనను కూర్చుండవచ్చును. మూసీ చెమ్మతో బ్రతికిన ఆ చింతతోపు పేరు నేడు గౌలిగూడలోని మహాత్మాగాంధీ బస్సుస్టేషనునకు వ్యవహారనామముగా నిలిచియున్నది. బస్సుకొఱకు వేచియుండు ప్రయాణికుడు తాను చింతవనమున నిలిచియున్నానని ఎఱుగడు.

ఇచట నగరనామమును గూర్చిన వివాదమును కొంత స్పృశింపక తప్పదు. హైదరాబాదునకు భాగ్యనగరము, భాగ్‌నగర్ అను పేర్లు ఎట్లు వచ్చెనను ప్రశ్న పాతది. అక్బరు పక్షమున అహమదునగరమున రాయబారిగా ఉండిన ఫైజీయు, చరిత్రకారుడగు ఫెరిష్తాయు ఈ పేరును భాగమతి అను స్త్రీతో ముడిపెట్టిరి. హారూన్ ఖాన్ శేర్వానీ ఆ కథను చారిత్రకమని అంగీకరింపలేదు. 'బాగ్‌నగర్' అనగా తోటల నగరమే సరియైన రూపమని వాదించినవారును కలరు. లిపిని బట్టి చూచినచో పారసీకమగు 'బాగ్' శబ్దపు తుది హల్లు వేఱు, 'భాగ్' శబ్దపు తుది హల్లు వేఱు. తెలుగు లిపిలో ఆ రెండును 'గ్' కారముగానే వ్రాయబడుటచే మనకు భేదము మొదటి హల్లునందు మాత్రమే కనిపించును. ఫ్రెంచి యాత్రికుల వర్ణక్రమములో అదియును కనిపింపదు.

ఈ వివాదమును తేల్చుట ఇచటి పని కాదు. మనకు కావలసినది ఆ యాత్రికులు ఆ పేరును ఎట్లు అర్థము చేసికొనిరి అనునది. పదునేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యమునకు పలుమారులు వచ్చిన టావెర్నియే ఈ పేరును విడదీసి, 'బాగ్' అనగా ఉద్యానమనియు, 'నగర్' అనునది రాజునకు ప్రియురాలగు రాణి పేరనియు వ్రాసెను. 'నగర్' అనగా పట్టణమని దేశమందలి పసిబిడ్డకును తెలియును గనుక ఆయన వ్యుత్పత్తి నిలువదు. అయినను ఆ పొరపాటు మనకు ఉపయోగించుచున్నది. పేరు వినగానే ఆయనకు తోట స్ఫురించెను. ఏలయనగా కన్నులయెదుట తోటలు ఉండెను. రాజభవనపు మిద్దెలపై తోటలు ఉండెననియు, అంత పెద్ద చెట్ల బరువును ఆ కమానులు మోయుట ఆశ్చర్యకరమనియు ఆయన చెప్పినాడు. భాగమతి ఉండినను ఉండకున్నను, పదునేడవ శతాబ్దిలో ఈ నగరము చూపరులకు తోటల నగరముగా కనబడెననుట నిశ్చయము.

ఆ తోటల సంప్రదాయము ఎచ్చటనుండి వచ్చినది? హైదరాబాదు ఇస్ఫహాను నగరమును అనుకరించి కట్టబడినదని తఱచుగా వినుచుందుము. కాలక్రమము దీనికి అనుకూలింపదు. హైదరాబాదు హిజ్రీ 1000వ సంవత్సరప్రాంతమున, అనగా క్రీ. శ. 1591లో ఏర్పడెను. షా అబ్బాసు తన రాజధానిని ఇస్ఫహానునకు మార్చినది 1598లో. అచటి ప్రసిద్ధమగు చహార్‌బాగ్ వీథియు, రాజచత్వరమును ఆ దశాబ్దపు కడపటి భాగమునను ఆ తరువాతను ఏర్పడినవి. పుట్టని నగరమును అనుకరించుట సాధ్యము కాదు. నాలుగు భాగములుగా విభజింపబడిన ఉద్యానమను భావన అంతకు పూర్వమే పారసీక దేశమున, మధ్యాసియాలో ఉండెను. 1526 తరువాత బాబరు దానిని ఆగ్రాకు తెచ్చెను. కుతుబ్‌షాహీల పేష్వాయగు మీర్ మోమిన్ అస్త్రాబాదు నుండి వచ్చినవాడు గనుక ఆ భావన ఆయనకు పరిచితమే. కావున భావన పారసీకమనుట యుక్తము. ఒక నగరమునకు మఱియొకటి ప్రతిబింబమనుట యుక్తము కాదు.

భావన అచటిదైనను దానిని పోషించిన నీరు ఈ దేశపుది. పారసీక ఉద్యానమునకు కొండలనుండి భూగర్భపు కాలువలద్వారా నీరు తెచ్చి, ప్రాకారము నడుమ పాఱించుట పద్ధతి. దక్కనులో ఏడాది పొడవునను పాఱు ఏఱులు తక్కువ. వానకాలపు నీటిని కట్ట వేసి నిలుపుకొనుటయే గతి. కట్ట క్రింది నేలలో ఊట పుట్టును, బావులు నిండును, చెట్టు వేరునకు వేసవిలో సైతము చెమ్మ అందును. మన భాషలో 'చెఱువు క్రింది పొలము', 'చెఱువు క్రింది తోట' అను మాటలు ఉన్నవి. 'క్రింద' అను ఈ మాటలో దిక్కు మాత్రమే కాదు, ఆశ్రయము కూడ కలదు.

ఈ సంబంధము మన ధర్మభావనలోనికి ఎట్లు ప్రవేశించెనో సప్తసంతానముల గణనము చూపును. పుత్రుడు, కృతి, నిక్షేపము, దేవాలయము, తటాకము, వనము, అగ్రహారము అను ఏడింటిని మనుష్యునకు సంతానముగా లెక్కించిరి. వీనిలో తటాకమును వనమును రెండును స్థానము పొందినవి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము చెఱువు నిర్మాణమునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆఱు దోషములను లెక్కించి చెప్పుచున్నది. కాకతి గణపతిదేవుని కాలమున వెలసిన పాకాల చెఱువు చుట్టునున్న అడవి 1952లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఏడు శతాబ్దుల తరువాతను ఆ చెఱువు, ఆ అడవి కలిసియే ఉన్నవి.

ఈ ధర్మమున ఇంకొక అంశము గలదు. చెఱువును గాని ఆరామమును గాని ప్రతిష్ఠించినవాడు 'ఉత్సర్గము' చేయవలెను. అనగా దానిపై తన స్వామ్యమును విడిచి సర్వప్రాణులకు అర్పింపవలెను. ఇస్లాము ధర్మమున 'వక్ఫ్' అను వ్యవస్థకును ఇట్టి మూలభావమే ఆధారము. వచ్చినవారు వేఱు మతస్థులైనను ఈ దేశమున ఈ ఆచారము వారికి పరాయిది కాలేదనుటకు కారణమిదే. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1562-63 ప్రాంతమున హుసేన్ సాగరము కట్టబడెను. ఆ ఇబ్రహీమునకే అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అంకితము చేసెను. పటాన్‌చెఱువు ప్రభువగు అమీన్ ఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితము చేసెను. చెఱువు కట్టించుటయు కృతి నందుటయు ఒకే ప్రభుధర్మముగా ఆ కాలమున సాగినవి. నగరనిర్మాతయగు మహమ్మద్ కులీ తన దక్కనీ కవితలలో మహమ్మద్‌షాహీ బాగును వర్ణించెను. 1940లో సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ప్రకటించిన ఆయన కుల్లియాత్‌లో ఆ కవిత కలదు. పారసీక ఛందస్సున నడచిన ఆ తోటలో ద్రాక్ష, దానిమ్మలతో పాటు కొబ్బరి, పోక వంటి ఈ దేశపు చెట్లును చోటు చేసికొనినవి.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన తరువాత ఈ నగరము ప్రాధాన్యము కోల్పోయెను. 1763లో నిజాం అలీ ఔరంగాబాదునుండి రాజధానిని తిరిగి ఇచటికి మార్చుటతో జనము పెరిగెను, నీటి అవసరమును పెరిగెను. 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున నిజాము సైన్యముతో పోయిన మీర్ ఆలం, ఆ యుద్ధమున లభించిన ధనమును వినియోగించి ఈ చెఱువును కట్టించెనని ప్రసిద్ధి. ఆయన 1804లో దివాను పదవిని పొందెను. ఆ సంవత్సరముననే పని మొదలై 1806లో ముగిసెను. 1808లో ఆయన మరణించెను. దివానుగిరీ నాలుగేండ్లలో ముగిసినను ఆయన పేరు చెఱువుతో నిలిచినది. సప్తసంతానముల లెక్కకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

ఆ కట్ట నిర్మాణము ప్రత్యేకముగా గమనింపదగినది. మామూలు చెఱువు కట్ట మన్నుతో వెడల్పుగా పోసినది. తన బరువుచేతనే నీటిని ఆపును. మీరాలం కట్ట అట్టిది కాదు. 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులు నేలపై ప్రక్కప్రక్కన పరుండినట్లుగా, కుంభాకారపు మొగము నీటివైపు ఉండునట్లుగా నిర్మింపబడినవి. ద్వారముపై కమాను పైనున్న బరువును ఇరుప్రక్కల స్తంభములకు ఎట్లు చేర్చునో, ఇచట ఒక్కొక్క కమాను నీటి త్రోపుడును నడుమనున్న పోటుగోడలకు అట్లు చేర్చును. రాయి ఒత్తిడికి తాళును, లాగుడుకు తాళదు. ఈ అమరికలో రాతికి ఒత్తిడియే కలుగును. సుమారు 40 అడుగుల ఎత్తుగల ఈ కట్ట బహుతోరణపు ఆనకట్టలకు ప్రపంచమున లభించు ప్రాచీనోదాహరణములలో ఒకటి. జంతువులను చూడవచ్చినవారు రెండు శతాబ్దులు దాటిన ఇట్టి నిర్మాణమునకు ఇంత చేరువగా వచ్చి, చూడకయే పోవుచున్నారు.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద ఈ చరిత్రలో ఒక గుణపాఠము. సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. ఆ దినమున అఫ్జల్‌గంజ్ ఒడ్డున, నేటి ఉస్మానియా వైద్యశాల ఆవరణమున ఉన్న ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తన తల్లిని, భార్యను, కూతును కోల్పోయెను. గోడలు కూలిన చోట చింత వేరు నిలిచినది. ఇమ్లీబన్ అను పేరును ఈ ఘటనతో కలిపి చదివినప్పుడు, నదీతీరమున చింతలు పెంచిన పూర్వుల పని నీడకొఱకు మాత్రమే కాదేమో అని తోచును. దీనిని ఊహగా మాత్రమే చెప్పుచున్నాను.

వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి నదికి ఎగువన జలాశయములు వెలసినవి. ఉస్మాన్ సాగరము 1920లో, హిమాయత్ సాగరము 1927లో పూర్తియైనవి. నగరమునకు రక్షణయు త్రాగునీరును లభించెను. మీరాలం చెఱువునకు మాత్రము పని తగ్గెను. పని లేని చెఱువునకు కాపుదల తగ్గును. కాపుదల లేని చెఱువు పూడును. మాసాబ్ ట్యాంక్ అను పేరు నేడును ఉన్నది, చెఱువు లేదు. బాగులవలెనే చెఱువులును పేర్లుగా మాఱగలవనుటకు అది నిదర్శనము.

ఇచట ఒక ఆక్షేపణము రావచ్చును. తోటలు పోయినది జనసంఖ్య పెరుగుటచేత గాని, నీటి పొత్తు చెడుటచేత కాదని అనవచ్చును. జనసంఖ్య కారణమగుట నిజమే. కాని ఒకే జనసంఖ్య నడుమ కొన్ని తోటలు నిలిచినవి, కొన్ని పోయినవి. ఈ భేదమునకు వేఱొక కారణము వెదకవలెను. బషీర్‌బాగ్ వంటివి ప్రభువుల సొంత ఆస్తులు. వారసుల పంపకములు, 1949లో జాగీరుల రద్దు మున్నగు మార్పులు వచ్చినప్పుడు సొంత తోట భూమిగా మాఱి అమ్మకమునకు వచ్చుట సహజము. 'బాగె ఆమ్' అనగా ప్రజల తోట, అది నిలిచినది. అచటి జంతువుల సంగ్రహమే 1963లో మీరాలం వద్దకు తరలెను. ఆ తరలింపుతో పని తగ్గిన చెఱువునకు ప్రక్కన ఒక ప్రజావనము చేరినది. రాజులకు, వారి పరివారమునకు మాత్రమే ప్రవేశముండిన బాగ్ అను భావన, టికెట్టు కొని ఎవరైనను ప్రవేశింపగల వనముగా పరిణమించినది. పాత మాటలో చెప్పవలెనన్నచో ఇది ఆలస్యముగా జరిగిన ఉత్సర్గము.

అందుచే ఈ వనమును అనాదియగు అడవిగా వర్ణించుట సరికాదు. చెఱువు 1806 నాటిది, ఆవరణము 1963 నాటిది; రెండును మనుష్యులు చేసినవే. మనుష్యులు చేసినది గనుకనే మనుష్యుల అజాగ్రత్తచే చెడగలదు. పట్టణపు మురుగు చేరి, గుఱ్ఱపుడెక్క అలముకొని, అంచులలో పూడికలు పడి చెఱువు కష్టదశలో ఉన్నది. వానలు మిక్కుటమైనప్పుడు పొంగిన నీరు వనములోనికి వచ్చుటయు కలదు. చెఱువు మేలును వనమునకే, కీడును వనమునకే.

ఆశ పుట్టించు విషయములును లేకపోలేదు. 2002లో వచ్చిన చట్టము పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడును కలిసి ఉన్నవి. పూర్వులు సప్తసంతానములలో కలిపిన దానిని శాసనసభ మఱల కలిపినది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని మెట్లబావులు బాగుపడి, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము నందినవి. తోటకు ముందు బావిని బాగుచేసిన ఆ క్రమము గమనింపదగినది. 2025లో బాగ్‌అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను త్రవ్వి మఱల నీటితో నింపిరి. పేరుగా మిగిలినది తిరిగి ఊరికి రాగలదనుటకు ఇది ఇటీవలి సాక్ష్యము.

తెలుగు శాఖలలోని పరిశోధకులకు ఇందు పని కలదు. బాగ్, బన్, తోట, తోపు, కుంట, చెఱువు అను పదములు గల పాతనగర స్థలనామములన్నిటిని సేకరించి, పూర్వపు పటములతో సరిచూచి, ఏ తోటకు ఏ నీరు ఆధారముగా ఉండెనో గుర్తింపవలెను. వృద్ధుల నోట ఉన్న ఉచ్చారణలను ఉర్దూ, తెలుగు రూపములు రెండింటిలోను వ్రాసికొనవలెను; ఆ నోళ్లు ఎల్లకాలము మనకు అందుబాటులో ఉండవు. విద్యార్థులను జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు పులుల ఆవరణమునుండి మీరాలం కట్ట కనబడు చోటికి కూడ వారిని నడిపించి, ఆ 21 కమానులు ఏమి మోయుచున్నవో చెప్పుదురు గాక.